చెరిసగం

ఆ ఏడు వరికోతల్లో మా ఇంట్లో రెండు తొడ ఎముకలు విరిగాయి. రెండూ ఎడమవే. రెండూ ఒకే రోజు, ఒకే బస్తాల దొంతర కింద. మాలకొండమ్మ ఇల్లు కదా, దెబ్బ కూడా చెరిసగం తగిలింది అని ఊళ్ళో ఎవరో అన్నారట. ఇప్పుడైతే నాకూ నవ్వొస్తుంది. ఆ రోజు ఆ మాట అన్నవాళ్ళు ఎదురుపడి ఉంటే చెంప పగలగొట్టేదాన్ని.

మాలకొండమ్మ మా అత్త. మాది వాకాడు పక్కన పల్లె. మామయ్య పోయాక ఆమె ఇద్దరు కొడుకుల్నీ ఒకే పొయ్యి మీద నిలిపింది. దానికి ఆమె దగ్గరున్న ఉపాయం ఒకటే, ఎవరికీ ఆవగింజంత ఎక్కువ పెట్టకపోవడం. చేపల పులుసులో తలకాయ ఒక వారం మా బావ నరేంద్రబాబుకు, మరో వారం మా ఆయన పెంచలప్రసాద్‌కు. మా తోడికోడలు సాయిలక్ష్మికి చీర తెస్తే నాకూ అదే చీర, అదే రంగు. పెళ్ళిళ్ళకు ఇద్దరం కలిసి వస్తుంటే బ్యాండుమేళం వచ్చిందనేవారు. మామిడిపండు కోస్తే టెంక ఎవరి వాటాలోకి పోతుందోనని టెంకను తానే చీకేసేది. నాకు చిరాకు పుట్టేది. కానీ నేను కాపురానికి వచ్చిన నాటి నుంచి వాటాల మాట మీద ఆ ఇంట్లో గొంతు లేవడం వినలేదు. అదీ నిజమే.

బావ కొడుకు ముఖేష్‌కు అప్పుడు పదకొండేళ్ళు. నా కూతురు జోషితకు మూడు. వాడు కళ్ళంలో ధాన్యం బస్తాల మీదకెక్కి, దీన్ని చెయ్యి పట్టుకుని పైకి లాక్కున్నాడు. పై వరస జారి, ఇద్దరి మీదా పడింది. మా ఆయన ఆ పొద్దున లారీ వెంట మిల్లుకు పోయి ఉన్నాడు. బావా, సాయక్కా, నేను పిల్లలిద్దర్నీ ట్రాలీ ఆటోలో పరుపు మీద పడుకోబెట్టుకుని నెల్లూరుకు పరుగెత్తాం. ఆ రోజు మా ఆయన మాతో లేకపోవడమే తర్వాత మా కొంప ముంచింది.

ఎముకల డాక్టరు రమణయ్య గారు ఫిల్ములు రెండూ లైటు పెట్టె మీద పక్కపక్కన తగిలించి చూశారు.

"అబ్బాయికి ఆపరేషన్. తొడ ఎముకలోకి సన్న రాడ్లు రెండు పంపిస్తాం. పాపకు పిండికట్టు చాలు," అన్నారు.

నేను విని ఊరుకోలేదు. ఎంతైనా మాలకొండమ్మ కోడలిని. "ఇద్దరికీ ఒకటే దెబ్బ గదా సార్. మా పాపకు కట్టుతో సరిపెడతారా?" అన్నాను.

ఆయన విసుక్కోకుండా పక్క మంచం చూపించారు. అక్కడొక తల్లి ఒళ్ళో నెలల బిడ్డ ఉంది. కాళ్ళు రెండూ పైకి మడిచి, భుజాల మీదుగా మెత్తటి పట్టీలు తగిలించి ఉన్నాయి. అంతే. పాలు తాగుతూ నిద్రపోతోంది.

"ఆ బిడ్డకూ విరిగింది తొడ ఎముకేనమ్మా. దానికి ఆ పట్టీలే వైద్యం. మీ పాప వయసుకు పిండికట్టు. అబ్బాయి వయసుకు సన్న రాడ్లు. ఇంకో మూడు నాలుగేళ్ళు పెద్దవాడై ఉంటే లావు రాడ్డు వేసేవాణ్ణి. దెబ్బను బట్టి కాదు, వయసును బట్టి చూస్తాం. పసి ఎముక వంకరను తనంతట తనే సర్దుకుంటుంది. వయసు పెరిగేకొద్దీ సర్దుకోదు."

బయటికి పోబోతుంటే మళ్ళీ పిలిచారు. "ఇంకో మాట. పాప ఎముక కొసలు ఒకదాని మీద ఒకటి కాస్త ఎక్కి ఉంటాయి. కావాలనే అట్లా ఉంచుతున్నా. విరిగిన కాలు ఈ వయసులో రెండోదాని కన్నా జోరుగా పెరుగుతుంది. ఇప్పుడు సమానంగా పెడితే రేపు అది పొడుగైపోతుంది. ఏడాదీ ఏడాదిన్నరలో రెండూ ఒకటవుతాయి. గుర్తుపెట్టుకోండి. ఫిల్ము చూసి నా మీదకు తగాదాకు రావద్దు."

గుర్తుపెట్టుకున్నాను. అక్షరం పొల్లు పోకుండా గుర్తుపెట్టుకున్నాను. ఏం లాభం?

కట్టంటే ఏదో కాలికి చుట్టేది అనుకున్నాను. రొమ్ము కింద మొదలుపెట్టి ఎడమకాలి వేళ్ళ దాకా, కుడి మోకాలి దాకా పోతపోసినట్టు కట్టారు. రెండు కాళ్ళూ ఎడంగా ఉండేట్టు మధ్యలో ఒక కర్ర. కూర్చోదు, ఒత్తిగిల్లదు. గడప దాటించాలంటే బిడ్డను అడ్డం తిప్పి మంచాన్ని దాటించినట్టు దాటించాలి. కింద వదిలిన కంతలోంచి డైపర్ దోపాలి, తడి అంటకుండా చూడాలి. ఫ్యాను కింద వేస్తే కరెంటు పోయేది. చెమటకు లోపల దురద పుట్టేది. "మా, లోపల చీమలుండాయి, తియ్యి మా," అని ఏడ్చేది. చీమల్లేవు తల్లీ, లేవు అంటే నమ్మేది కాదు. నేను కట్టు మీద గోళ్ళతో టకటకా కొడితే కాసేపు ఊరుకునేది. ఆ చప్పుడు నాకు ఇప్పటికీ చెవుల్లో ఉంది.

ముఖేష్ ఆపరేషనై వారం తిరిగేసరికి వాకరు పట్టుకుని, ఆ కాలు నేలకు ఆనించకుండా వసారాలో అటూ ఇటూ తిరిగేవాడు. ఇంకొన్నాళ్ళకు శుభ్రంగా స్నానం చేసి, తల దువ్వుకుని వచ్చి నా కూతురి పక్కన కూర్చునేవాడు. పాపం వాడు వచ్చేది ఆడించడానికే. చూసేవాళ్ళ కళ్ళకు మాత్రం అది వేరేగా కనిపించేది.

చూడటానికి వచ్చేవాళ్ళకేం తక్కువ లేదు. పోలేరయ్య మామ అయితే రోజూ టీ వేళకు ఠంచనుగా వచ్చేవాడు. గ్లాసు పట్టుకుని ముఖేష్‌ను ఒకసారి, జోషితను ఒకసారి చూసి, "ఏమైనా ఆపరేషన్ ఆపరేషనే మాలకొండమ్మా. కట్టు కట్టేదానికి అంత పెద్ద డాక్టరు ఎందుకు?" అనేవాడు. ఈయనేదో నలుగురికి ఎముకలు అతికించి వచ్చినట్టు! టీలో చక్కెర మానేశాను. అయినా రావడం మానలేదు.

అత్త నలిగిపోయింది. మేక కాళ్ళ సూపు రెండు గ్లాసుల్లో సమానంగా పోసేది. కోడిగుడ్లు చెరొకటి ఉడకబెట్టేది. ఇద్దరి మంచాల మధ్యా నిలబడి, "నా చేతుల మీద ఇట్టాంటి తేడా ఎప్పుడూ జరగలా మే," అనేది. డాక్టరు చెప్పింది చెప్పాను. విన్నది. మళ్ళీ మర్నాడు అదే మాట.

మా ఆయన సంగతి చెప్పనే అక్కర్లేదు. ఒక మధ్యాహ్నం ఫిల్ములు రెండూ పెరట్లోకి తీసుకుపోయి ఎండకు ఎత్తిపట్టి చూశాడు.

"ఇదేంది వాణీ? ముఖేష్ గాడి ఎముక గీత గీసినట్టు ఉండాది. నా బిడ్డదేమో ఎముక మీద ఎముక ఎక్కి కూర్చోనుండాది."

"కావాలనే అట్టా పెట్టినారంట. ఆ కాలు జోరుగా పెరుగుతాదంట. ఇప్పుడు సమానంగా పెడితే రేపు పొడుగైపోతాదని డాక్టరు చెప్పినాడు."

"ఎవురితో చెప్పినాడు?"

"నాతోనే. నేను ఆడనే ఉండా గదా."

"నువ్వుండావులే. నీకేం తెలుస్తాది? మాట్లాడింది మా అన్న."

నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ గదిలో నిలబడింది నేను, అడిగింది నేను, విన్నది నేను. నా చెవులు మాత్రం లెక్కలోకి రావు. వైద్యం సర్కారు కార్డు మీద ఉచితంగానే అయింది కాబట్టి డబ్బు గొడవ లేదు. డబ్బు గొడవైతే ఎక్కడో ఒకచోట తెమిలేది. ఇది పక్షపాతం గొడవ, దానికి అంతూ దరీ ఉండదు.

ఆ సాయంత్రమే అన్నను నిలదీశాడు. "నీ కొడుక్కి ఆపరేషన్ అడిగినావు. నా బిడ్డకి నోరు రాలేదా అన్నా?"

బావ తెల్లబోయాడు. "నేను అడిగేదేందిరా? డాక్టరు ఏది చెప్తే అది చేయించినా. నీ పెళ్ళాం పక్కనే ఉండాది, అడుగు."

"దాన్నెందుకు అడుగుతా? పెద్దోడివి నువ్వుండావని నమ్మినా."

సాయక్క లోపల్నుంచి విసురుగా వచ్చింది. కొడుకును లేపుకుని లోపలికి తీసుకుపోయింది. ఆ నాటి నుంచి అన్నదమ్ములు ఒకే కుండలో అన్నం వేర్వేరు వేళల్లో తిన్నారు. ఆ వారం చేప తలకాయ ఎవరి వంతో ఇద్దరికీ తెలుసు. ఇద్దరూ ముట్టలేదు. పిల్లి తిన్నది.

కట్టు వేసి మూడు వారాలు దాటింది. డైపర్లు అయిపోతే నేను వాకాడుకు పోయి వచ్చాను. వాకిట్లోకి అడుగు పెడుతుండగానే జోషిత కిలకిలా నవ్వడం వినిపించింది. ఎన్నాళ్ళయిందో ఆ నవ్వు విని! ప్రాణం లేచి వచ్చినట్టయింది. గబగబా లోపలికి పోయాను.

వసారాలో మంచం మీద నా కూతురు. దాని నడుము మీదా తొడల మీదా తడి గోనెపట్టాలు మడతలు వేసి కప్పి ఉన్నాయి. అత్త చెంబుతో వాటి మీద నీళ్ళు పోస్తోంది.

"మా! చల్లగుండాది మా! చీమలన్నీ పొయ్యినాయి!"

చేతిలో సంచీ ఎక్కడ వదిలేశానో నాకు తెలియదు. "ఏం చేస్తున్నావత్తా?"

"నీ మొగుడే నానబెట్టమన్నాడు మే. ఇంకో ఊళ్ళో ఎవురో ఆపరేషన్ చేస్తారంట. ఒకరు కట్టిన కట్టుతో పోతే ఇంకొకరు ముట్టుకోరు గదా, మనమే తీసేసి తీసకపోదాం అన్నాడు. రంపం తెచ్చేదానికి పోలేరయ్య ఇంటికి పోయుండాడు." చెంబు కింద పెట్టి చెంగుతో కళ్ళొత్తుకుంది. "ముఖేష్ గాడికి చేసిందే దీనికీ చేయిద్దాం మే. నా ఇంట్లో ఒక బిడ్డకు ఎక్కువ, ఒక బిడ్డకు తక్కువ వద్దు."

గోనెలు లాగి అవతల పారేశాను. తుంటి దగ్గర కట్టు మీద బొటనవేలు పెడితే లోపలికి దిగింది. ఈ మడ్డివాళ్ళ మధ్య బిడ్డను ఎట్లా కాచుకోవాలిరా దేవుడా అని గట్టిగానే అరిచాను. అత్తను నోటికొచ్చినట్టు తిట్టాను కూడా. చల్లదనం పోయేసరికి జోషిత ఏడుపు మొదలుపెట్టింది.

బిడ్డను ఎత్తుకుని పడమటి వైపు పెరట్లోకి పోయాను. బావ ట్రాలీ ఆటో కడుగుతున్నాడు. మాటలు లేక చాలా రోజులైంది.

"బావా, బండి తియ్యండి. నెల్లూరు పోవాల."

ఆయన కట్టు వైపు చూశాడు. కారుతున్న తెల్లటి నీళ్ళు చూశాడు. చేతిలో పైపు వదిలేశాడు. సాయక్క గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"ఎందుకంట మీరు పోయేది? ఆయమ్మకు మొగుడు లేడా? మళ్ళీ మీరే తీసకపోతే మళ్ళీ మీరే ఏదో చేయించినారంటారు. ఒకసారి మాట పడింది చాల్లేదా?"

ఆమె అన్నదాంట్లో తప్పేముంది? ఆమె చోట నేనున్నా అదే అనేదాన్ని. కానీ అప్పుడు నాకు న్యాయం చూసే ఓపిక లేదు.

"పక్కకు జరుగు సాయీ," అన్నాడు బావ, తాళం చెవి అందుకుంటూ.

బండి వీధిలోకి తిరిగేసరికి మా ఆయన ఎదురొచ్చాడు, చేతిలో చెట్లు కోసే రంపంతో. ఆ మెరుగు చూసి కట్టు మీద చెయ్యి అడ్డం పెట్టాను. దాన్ని నా బిడ్డ మీద పెట్టాలనుకున్నాడు ఈ మనిషి! బిడ్డ మీద ప్రేమ లేక కాదు, ప్రేమ ఎక్కువై. అది తల్చుకుంటే ఇంకా మండింది.

"యాడికి?" అన్నాడు.

"డాక్టరు దగ్గరికి. నేను చెప్తే మీకు ఎక్కదు గదా, ఆయన్నే అడగండి. ఎక్కితే ఎక్కండి, లేదంటే పక్కకు జరగండి."

అన్న వైపు చూశాడు. అన్న రోడ్డు వైపు చూస్తున్నాడు. రంపాన్ని పక్కింటి అరుగు మీద చప్పుడు కాకుండా పెట్టి, వెనక ఎక్కాడు. దారి పొడుగునా గతుకు వచ్చినప్పుడల్లా మెత్తబడిన చోట రెండు అరచేతులూ ఆనించి పట్టుకున్నాడు. నెల్లూరు చేరేసరికి ఆ చేతుల నిండా తెల్లటి బురద.

రమణయ్య గారు కట్టు చూసి ఎవరు చేశారని అడిగారు. మా ఆయన బురద చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. తడిసిన కట్టు తీసేసి ఫిల్ము తీయించారు. అది వచ్చేదాకా నేను కూర్చోలేకపోయాను. లోపల ఎముక కదిలిపోయి ఉంటే ఎవర్ని ఏం చేయాలో అన్నీ ఆలోచించుకున్నాను.

ఆయన ఫిల్మును లైటు మీద పెట్టి, విరిగిన చోట చుట్టూ తెల్లగా, మబ్బుగా కనిపిస్తున్న దాన్ని వేలితో చూపించారు. "ఇది కొత్త ఎముక. అప్పుడే పట్టుకుంది. మూడేళ్ళ పిల్ల కాబట్టి బతికిపోయారు. పెద్ద వయసు ఎముకైతే ఇంత తొందరగా పట్టేది కాదు, ఈపాటికి జారిపోయి ఉండేది. మళ్ళీ కట్టేస్తాను. ఈసారి నీళ్ళు తగిలితే నా దగ్గరికి రావద్దు."

అప్పుడు మా ఆయన గొంతు సవరించుకుని అడిగాడు. "సార్, ఆ ఎముక మీద ఎముక..."

ఆయన చెప్పారు. కావాలనే పెట్టామని, విరిగిన కాలు జోరుగా పెరుగుతుందని, ఇప్పుడు సమానంగా పెడితే రేపు పొడుగైపోతుందని. నేను చెప్పిన మాటలే, నేను చెప్పిన వరసలోనే. మా ఆయన కొత్త సంగతి తెలిసినట్టు తలాడించి, "అట్టనా సార్!" అన్నాడు. బయటికొచ్చాక నాతో, "అసలు సంగతి అదంట వాణీ," అని నాకే చెప్పాడు. గోడకేసి తల కొట్టుకోవాలనిపించింది. నాదో, ఆయనదో.

చీకటి పడుతుండగా ఇల్లు చేరాం. దార్లో అన్నదమ్ములు ఒకటి రెండు మాటలు కూడా అనుకున్నారు, టైర్లో గాలి తగ్గిందని, ముందర గేటు పడిందని. గండం గడిచిందనుకున్నాను. ఇక రేపటి నుంచి తిట్టుకున్నా అందరం ఒకచోట కూర్చునే తిట్టుకుంటాం అనుకున్నాను.

వాకిట్లో అత్త ఒక్కతే కూర్చుని ఉంది. పడమటి వసారాలో కొత్త గ్యాసుపొయ్యి వెలుగుతోంది. దాని మీద కుక్కరు. పక్కన సాయక్క పుట్టింటి నుంచి తెచ్చుకున్న గిన్నెలన్నీ తోమి బోర్లించి ఉన్నాయి.

"ఏంది సాయీ ఇది?" అన్నాడు బావ.

"ఏం లేదు. మన మీద అనుమానం పెట్టుకున్నోళ్ళకు నేను వండను. వాళ్ళ చేతి కూడు నేను తినను." కోపంగా కూడా అనలేదు. కూరలో ఉప్పు చూస్తూ అన్నది.

మా ఆయన నోరు తెరిచాడు. అన్నా, తప్పయింది అనడానికే తెరిచాడని నేను ఇప్పటికీ అనుకుంటాను. మాట బయటికి రాలేదు. బావ కాసేపు మా వైపు చూశాడు, పొయ్యి వైపు చూశాడు. కాళ్ళు కడుక్కుని అటు పోయాడు.

ఎండలు ముదిరాక జోషిత కట్టు తీశారు. కాలు పుల్లలా సన్నబడి ఉంది. ముందు పాకింది, తర్వాత గోడ పట్టుకుంది, తర్వాత కుంటుతూ నడిచింది. ఆ కుంటు చూసి మా ఆయన డాక్టరు మాటలు నాకు మళ్ళీ చెప్పాడు, నేను దిగులుపడతానని. ధాన్యం అమ్ముడుపోయాక పొలం పంచుకున్నారు, పెరటి మధ్యలో గోడ లేచింది. అంతా పద్ధతిగా, చెరిసగం. మిగిలింది అత్త. ఆమెను ఎవరూ అడగలేదు, ఆమే చెప్పింది. అమావాస్య నుంచి పౌర్ణమి దాకా ఒక ఇల్లు, పౌర్ణమి నుంచి అమావాస్య దాకా ఇంకో ఇల్లు. ఈ ఇంట్లో ఉన్నన్నాళ్ళూ ఆ ఇంటి గడప తొక్కదు, అక్కడి మంచినీళ్ళు కూడా తాగదు. తొక్కితే వీళ్ళ వాటా వాళ్ళకు పెట్టినట్టవుతుందట.

మరుసటి ఏడు ముఖేష్ కాల్లో రాడ్లు తీయాలన్నారు. దానికి మళ్ళీ కోయాలి. ఆ సంగతి డాక్టరు మొదటి రోజే బావకు చెప్పారు. సాయక్కకు అప్పుడు ఎక్కలేదేమో. బట్టలు ఆరేస్తూ గోడ మీదుగా నాతో అన్నది, ఏడాది తర్వాత అన్న మొదటి మాట అదే.

"మా వాడినే రెండుసార్లు కొయ్యాలంట. మీ పిల్లకి ఒక్క గాటు లేదు. ఆ రోజు డాక్టర్ని పక్కకు పిలిచి మాట్లాడింది నువ్వే గదా వాణీ. ఏం చెప్పి చేయించుకున్నావు?"

వయసును బట్టి అక్కా అన్నాను. ఆమె తడి చీర గట్టిగా దులిపింది. చుక్కలు నా మీద పడ్డాయి.

ఆ నెలలోనే ఒక పొద్దున అత్త జోషితను చాప మీద పడుకోబెట్టి, కాళ్ళు రెండూ చాపించి, పురికొసతో తుంటి నుంచి మడమ దాకా కొలిచింది. రోజూ కొలుస్తుందని నాకు తెలుసు. ఎడమది పట్టి, ముడి వేసి, కుడిదానికి ఆనించింది. మళ్ళీ ఎడమదానికి ఆనించింది. మళ్ళీ కుడిదానికి.

"వాణీ! ఇటు రా మే! సమానమైపోయినాయి!"

నేనూ చూశాను. ముడి సరిగ్గా మడమ మీదే ఉంది. జోషిత చక్కిలిగింతలకు నవ్వుతోంది. మా ఆయన గొడ్లచావిట్లోంచి పరుగెత్తుకొచ్చి, పురికొస తీసుకుని తానూ కొలిచాడు. తర్వాత గోడ వైపు చూశాడు. అవతల కుక్కరు ఈల వేసింది.

"మీ అన్నకు చెప్పాల్రా," అన్నది అత్త. ముఖం వెలిగిపోతోంది. "ఎంత సంతోషపడతాడో!"

"పోయి చెప్పు మరి," అన్నాను. "పది అడుగులు లేదు."

అత్త లేచింది. గుమ్మం దాకా పోయింది. అక్కడ ఆగి, ఏదో గుర్తొచ్చినట్టు వెనక్కి తిరిగి, పురికొస చుట్టచుట్టి రొంటిన దోపుకుంది.

"పౌర్ణమి పోనీ మే. అప్పుడు చెప్తాలే."